ఇంటి డేటా తిన్నదెవరు?

నలుగురి ఫోన్లకూ కలిపి వచ్చే ఆ రోజు డేటా మొత్తం, ఉదయం ఏడు కాకముందే, ఎవరి దుప్పట్లో వాళ్లు ఉండగానే, చుక్క మిగలకుండా అయిపోయింది.

కోడలు ఆ సందేశాన్ని మళ్లీ చదివింది. అక్షరాలేమీ మారలేదు. నేటి డేటా పూర్తయింది, రేపటి వరకు వేగం తగ్గిస్తున్నాం. వేగం తగ్గితే మాట వినిపిస్తుంది గానీ బొమ్మ కదలదు. ఆ రోజు ఆమెకు కావలసింది బొమ్మే.

పదకొండు గంటలకు పరీక్ష. వేరే ఊళ్లో ఒక నాటక సంస్థకు దుస్తులు తయారుచేసే పెద్ద వర్క్‌షాపులో కటింగ్ మాస్టర్ ఉద్యోగం ఖాళీ అయింది. ఈమె కత్తిరించిన కోటు ఒకటి ఎలాగో అక్కడి పెద్దావిడ కంట పడింది. "బట్ట పరిచిన దగ్గర్నుంచి చంక గుండ్రం తిప్పేదాకా నా కళ్లముందు కత్తిరించాలి. రికార్డు చేసి పంపితే ఒప్పుకోను. ఆ చేతులు ఎవరివో నాకేం తెలుసు?" అంది ఫోన్లో. అనుమానం మనిషే. కానీ ఉండటానికి ఇల్లు కూడా ఇస్తామన్నారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లి సొంతంగా నిలదొక్కుకోవచ్చు. చేజారితే అలాంటిది మళ్లీ రాదు.

ఆమె భర్తను తట్టి లేపింది.

"బావా, డేటా అయిపోయింది."

"నిన్న కూడా ఇలాగే అయిపోయిందిగా" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. రెండు క్షణాల తర్వాత దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఇవాళా?"

నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. అప్పుడు పరీక్ష లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అంతకుముందు అదే ప్యాక్ రాత్రి పడుకునేదాకా వచ్చేది.

ఆ ఇంటి ముందు గదే టైలరింగ్ షాపు. వీధిలోకి షట్టరు, మధ్యలో మనిషి నిడివి మించిన కటింగ్ బల్ల, గోడవారగా మూడు మిషన్లు, మూలన తెర వేసిన ట్రయల్ రూము. వెనక రెండు గదులు, వంటిల్లు. భర్త అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టి ఫోన్లు బల్ల మీద పెట్టించాడు. పోలీసు స్టేషన్లో దొంగసొత్తు పరిచినట్టుంది.

మొదటి చూపు అందరిదీ మరిది మీదే. అతను కోల్డ్ స్టోరేజీలో షిఫ్టు పని చేస్తాడు. ఏది అడిగినా ఫోన్లోంచి తలెత్తి, కాసేపు శూన్యంలోకి చూసి, అప్పుడు జవాబిస్తాడు. అందుకే ఇంట్లో అతని పేరు బఫరింగ్.

"నువ్వేనట్రా?" అన్నాడు అన్న.

బఫరింగ్ తలెత్తాడు. చూశాడు. అందరూ ఆగారు.

"ఏది?" అన్నాడు.

"నీ మొహం. డేటా!"

"నేను రాత్రి షిఫ్టు నుంచొచ్చి శవంలా పడుకున్నాను. చూస్కో."

చూశారు. ఏ ఫోన్ ఎంత వాడిందో సెట్టింగుల్లో కనిపిస్తుంది. బఫరింగ్ వాటా చిటికెడు. భర్తదీ, కోడలిదీ అంతకన్నా తక్కువ. నాలుగో ఫోన్ తెరిచిన భర్త నోరు తెరుచుకుంది.

"అమ్మా!"

అత్తయ్య కాజాలు కుట్టే సూదిని జాకెట్టుకు గుచ్చుకుని, "ఏంట్రా ఆ కేక?" అంది.

"మొత్తం నువ్వే తాగేశావు. షార్ట్ వీడియోలు! నిద్రలో చూస్తున్నావా ఏంటి?"

"నేనా? నేను లేచిందే మీ అరుపులకి. నా ఫోన్ రాత్రి నుంచీ ఇదిగో, ఈ ప్లగ్గుకే వేలాడుతోంది."

"అంటే అదే లేచి, మొహం కడుక్కుని, వీడియోలు చూసిందంటావు."

"చూసిందేమో. దాని బుద్ధి దానిది, నీ బుద్ధి నీది. తెల్లారగానే కన్నతల్లిని దొంగని చేశావు, బాగుపడతావు."

కోడలు అత్తయ్య మొహంలోకి సూటిగా చూసింది. ఉద్యోగం మాట ఎత్తిన రోజున ఈ మనిషి అన్న మాట ఆమెకు గుర్తుంది: 'ఉన్నచోట లేని వైభోగం అక్కడేం ఉంటుందో!'

అప్పుడు మామయ్య వీధి ఊడ్చి లోపలికి వచ్చాడు. వేళ్లకు నీలం చాక్ అంటుకుని ఉంది. తెల్లవారుజామునే లేచి ఆ రోజు బట్టల మీద గీతలు గీసి పెట్టడం ఆయనకు పెళ్లికి ముందు నుంచీ అలవాటు. విషయం విని తల అడ్డంగా ఊపాడు. ఆయన్ని అనుమానించడానికేమీ లేదు. ఆయనది బటన్ల ఫోన్. అందులో కదిలే బొమ్మలు లేవు, ఉన్నదల్లా గడియారం.

"ఎక్స్‌ట్రా ప్యాక్ వేస్తాను" అన్నాడు భర్త. "నాన్నా, ప్యాక్ నీ పేరు మీద ఉంది. ఓటీపీ నీకొస్తుంది. ఫోనేది?"

మామయ్య జేబులు తడుముకున్నాడు. మిషను సొరుగు తీశాడు. తానుల వెనక చూశాడు. మోగించి చూద్దామంటే, చార్జింగ్ లేక ఆగిపోయి ఉంటుందన్నాడు. ఇల్లంతా వెతికారు. భర్త మధ్యలో పక్కనున్న మంగలి షాపుకు పరుగెత్తాడు, ఫోన్ అడుగుదామని. ఆ ఫోన్ మంగలాయన కంటే ముసలిది.

పదకొండయింది. కోడలు బట్ట పరిచి, కత్తెర పక్కన పెట్టుకుని, కాల్ కలిపింది. తెర మీద పెద్దావిడ మొహం సగం వరకు వచ్చి అక్కడే గడ్డకట్టింది. గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"మీ చెయ్యి కదలడం లేదండీ."

"కదులుతోందమ్మా, మీకు కనపడటం లేదు."

"కనపడనిది నేను నమ్మను. రేపు ఇదే టైముకు ఇంకొక్కసారి చూస్తాను. రేపూ కుదరకపోతే ఇంకో మనిషిని పిలుస్తాను. ఏమీ అనుకోవద్దు."

కాల్ కట్టయిన చాలాసేపటికి మామయ్య ఫోన్ గుండీల డబ్బాలో దొరికింది. "నేనే పెట్టి మర్చిపోయుంటాను తల్లీ, వయసు" అన్నాడాయన. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ మిషన్ల వైపు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం షాపులో కత్తెర చప్పుడు తప్ప మాట లేదు. అత్తయ్య అటు తిరిగి కాజాలు కుడుతోంది. కోడలు ఇటు తిరిగి కత్తిరిస్తోంది. ఇద్దరి వీపులూ మాట్లాడుకుంటున్నట్టుంది.

మామయ్య గీసిపెట్టిన నీలం గీతల వెంట కత్తెర నడుపుతూ ఆమె ఒకచోట ఆగింది. చంక దగ్గర గుండ్రం ఉండాల్సిన చోట చిన్న చిన్న తిన్నని ముక్కలు అతికినట్టు ఉన్నాయి. స్కేలు పెట్టి గీశాడు. ఒకప్పుడు కళ్లు మూసుకుని కూడా చంద్రవంక తిప్పే మనిషి. కళ్లజోడు మార్చాలేమో అనుకుంది. తన తెల్ల చాక్‌తో పైన గుండ్రం సరిచేసుకుని ముందుకు కదిలింది. ఆమె బుర్రంతా అత్తయ్య చుట్టూనే తిరుగుతోంది.

సాయంత్రం నీళ్లకని వంటింట్లోకి వెళ్తే పెరటి మెట్ల మీద గుసగుసలు వినిపించాయి. బఫరింగ్, మామయ్య. "...అది కాదు నాన్నా, కింద మూడు చుక్కలుంటాయి, వాటిని నొక్కితే..." అంటున్నాడు బఫరింగ్. ఆమె అడుగుల చప్పుడుకు ఠక్కున ఆపేశాడు.

"ఏంటి, నేను వినకూడని మాటలా?" అంది.

బఫరింగ్ ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఏం లేదు వదినా" అన్నాడు.

ఏం లేదంటే ఏదో ఉన్నట్టే. ఇతనూ కలిశాడా? తల్లి ఫోన్ వాడుకుంటూ తన ఫోన్ శుభ్రంగా ఉంచుకుంటున్నాడా? ఒక్క పూటలో ఆ ఇల్లు ఆమెకు పరాయిదైపోయింది. రోజూ అన్నం తినే కంచాల్లోకి కూడా తొంగి చూడాలనిపించింది.

దీపాలు పెట్టే వేళకు ఆమె అన్ని ఫోన్లూ మళ్లీ బల్ల మీదికి తెప్పించింది.

"ఇవాళ్టి నుంచి నా రాజ్యం" అంది. "ఈ యాప్‌లో మనం చూసేది ఒకటైతే, చూస్తామేమోనని అది ముందే తెచ్చి పెట్టుకునేవి నాలుగు. అదీ డేటానే. అందుకని డేటా సేవర్ ఆన్ చేస్తున్నాను. బొమ్మ నాణ్యత బాగా కిందికి దించుతున్నాను. మసగ్గా ఉందని ఎవరూ ఏడవకూడదు. రాత్రి పడుకునేటప్పుడు అందరూ మొబైల్ డేటా ఆపేయాలి. రేపు పరీక్ష అయ్యేదాకా ముట్టుకోకూడదు."

"జైల్లో కూడా ములాఖత్ ఉంటుంది" అన్నాడు భర్త.

అత్తయ్య ఫోన్‌లో ఇంకొకటి ఉంది. వీడియో ఒకటయ్యాక ఒకటి దానంతటదే వచ్చేలా భర్త ఎప్పుడో పెట్టి ఇచ్చాడు, చేతిలో సూదీ దారం వదలక్కర్లేకుండా. కోడలు దాన్ని ఆపేయడానికి యాప్ తెరిచింది.

సిమెంటు కలిపే యంత్రం. పైకి తోసింది. గుర్రం డెక్కలు చెక్కుతున్న మనిషి. మళ్లీ తోసింది. ఎవరికీ తెలియని ఏదో భాషలో లెక్కల పాఠం. పసిపిల్లల్ని నిద్రపుచ్చే చప్పుడు. లారీ టైరుకు పంక్చరు. గడ్డం పెంచే నూనె.

ఆమె వేలు ఆగింది.

"అత్తయ్యా, మీరు ఇవి చూస్తారా?"

అలక మీదున్న అత్తయ్య ఈ ప్రశ్నకు మాత్రం గిర్రున తిరిగింది. "అదే నేనూ అడుగుతున్నా! రెండ్రోజుల నుంచీ దానికి పిచ్చి పట్టింది. ఇదివరకు ఎంచక్కా అత్తాకోడళ్ల గొడవలు చూపించేది. ఎంత బావుండేవనుకున్నావు! ఇప్పుడు తెరిస్తే సిమెంటు. నేనేమన్నా మేడ కడుతున్నానా? నాకు గడ్డమేమన్నా ఉందా?"

బఫరింగ్ ఫకాలున నవ్వాడు, ఈసారి ఆలస్యం లేకుండా. కోడలు నవ్వలేదు. అతని ఫోన్ లాక్కుని అదే యాప్ తెరిచింది. గోల్ కీపర్లు, లారీలు, మళ్లీ గోల్ కీపర్లు. భర్తది తెరిచింది. చేపలు పట్టడం, వల విసరడం, చేపలు. తనది అక్కర్లేదు, తెలుసు. కత్తెరలు, కోట్లు.

ఈ యాప్ మనిషిని పసిగడుతుంది. నచ్చనిది వేలితో తోసేస్తాం, నచ్చింది చివరిదాకా చూస్తాం. దాన్నిబట్టి రుచి కనిపెట్టి వడ్డిస్తుంది. అత్తయ్య ఫోన్‌కు మాత్రం ఇప్పుడు రుచి పోయింది. ఏ వీడియోనూ ఎవరూ తొయ్యలేదు. వచ్చిన ప్రతిదీ చివరిదాకా ఆడింది. సిమెంటూ, గడ్డం నూనే, అర్థంకాని లెక్కలూ. అలా చూసే మనిషి ఈ భూమ్మీద ఉండడు.

అంటే చూసింది అత్తయ్య కాదు. బఫరింగూ కాదు. అసలెవరూ చూడలేదు.

ఎవరో ఆ ఫోన్‌ను నడిపి వదిలేస్తున్నారు. సరదాకు కాదు, డేటా ఖాళీ చేయడానికే. మొదలైందెప్పుడు? పరీక్ష రోజు ఖాయమైందని తను ఇంట్లో చెప్పిన మర్నాటి నుంచి.

తిండిపోతు వేరు, అన్నంలో మట్టి కొట్టేవాడు వేరు. ఈ ఇంట్లో ఉన్నది రెండోవాడు.

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ఎవరితో అనాలో తెలియలేదు. అత్తయ్య ఫోన్‌ను ఎప్పటిలాగే షాపు ప్లగ్గుకు తగిలించి, తన ఫోన్‌కు అలారం పెట్టుకుని పడుకుంది.

కిటికీలో వెలుగు పలచగా పడేసరికి ఆమె కూర్చుని ఉంది. తన ఫోన్‌లో ఇంటి ప్యాక్ లెక్క తెరిచింది. రాత్రి పన్నెండుకు నిండిన డేటా అప్పటికే కొంత తగ్గి ఉంది. ఆమె చూస్తుండగానే ఇంకొంచెం తగ్గింది. బొక్కపడిన బిందెలా నిశ్శబ్దంగా కారిపోతోంది.

పక్కన భర్త గురక. ఆయన ఫోన్ తాకి చూసింది, చల్లగా ఉంది. చప్పుడు కాకుండా నడవా దాటింది. బఫరింగ్ బోర్లా పడుకున్నాడు, ఫోన్ నేల మీద, అదీ చల్లగానే. అత్తయ్య గోడవైపు తిరిగి నిద్రపోతోంది. ఆ పక్కన మంచం ఖాళీ. మామయ్య లేచి ఉంటాడు, రోజూ లేచినట్టే.

షాపులో లైటు లేదు. షట్టరు సగం ఎత్తి ఉంది. బయట చీపురు చప్పుడు వినిపిస్తోంది. ప్లగ్గు దగ్గర చార్జరు తీగ కనిపించింది గానీ చివర ఫోన్ లేదు. తీగ కిందికి దిగి, కటింగ్ బల్ల కింద పీలికల మూటలోకి దూరింది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని పీలికల్లో చెయ్యి పెట్టింది. వేడి. అప్పుడే దించిన ఇస్త్రీపెట్టెలా ఉంది. బయటికి లాగితే తెర వెలిగే ఉంది, శబ్దం లేదు. ఒక మనిషి ఎక్కడో గోడకు సున్నం కొడుతున్నాడు. అది అయిపోయింది, పిల్లి వచ్చింది. ఆమె రాత్రి ఆపిన ప్రతిదీ మళ్లీ నడుస్తోంది. మొబైల్ డేటా ఆన్. నాణ్యత అన్నిటికంటే పై మెట్టు. ఒకటయ్యాక ఒకటి, దానంతటదే.

తెర అద్దం మీద ఒక వేలిముద్ర ఉంది. నీలం రంగులో.

ఆ ఇంట్లో చాక్ పట్టేది ఇద్దరే. ఆమెది తెలుపు.

ముందు డేటా ఆపేసింది. మిగిలింది చూసుకుంది. సగానికి పైగా ఉంది, పరీక్షకు సరిపోతుంది. అప్పుడు ఫోన్‌ను మళ్లీ పీలికల్లో పెట్టి, ట్రయల్ రూములోకి వెళ్లి తెర లాక్కుంది. ఒక్క వేలిముద్ర చూసి ఆయన్ని దొంగ అనడానికి మనసొప్పలేదు. కళ్లారా చూడాలి. కాపురానికి వచ్చిన రోజున అల్లికపని తప్ప ఏమీ రాని తన చేతికి కత్తెర ఇచ్చి, 'భయపడకు, బట్ట అరవదు' అన్న మనిషి ఆయన.

చీపురు చప్పుడు ఆగింది. చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది. మామయ్య లోపలికి వచ్చి, వెనక గదుల వైపు ఒకసారి చూసి, బల్ల కిందికి వంగాడు. ఫోన్ తీశాడు. తెర చీకటిగా ఉండటం చూసి కంగారుపడ్డాడు. కుడిచేతి వేలు పెట్టి నొక్కబోయాడు.

వేలు తగలాల్సిన చోట తగల్లేదు. పక్కకు పోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పక్కకు. గాలికి ఆకు కొట్టుకున్నట్టు ఆ చెయ్యి మణికట్టు దగ్గర్నుంచీ కొట్టుకుంటోంది. ఎడమచేత్తో కుడిచేతిని గట్టిగా అదిమి పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. ఫోన్ జారి పీలికల మీద పడింది.

స్కేలు పెట్టి గీసిన గుండ్రం. రెండు చేతులతో పట్టుకున్న టీ గ్లాసు. 'నువ్వు కత్తిరించమ్మా, నాకు వేరే పనుంది' అని ఎన్నాళ్లుగానో అంటున్న మాట. కోడలికి ఒక్కొక్కటీ కళ్లముందు వరుసకట్టాయి. ఆమె తెర పక్కకు జరిపింది.

"మామయ్యా."

ఆయన ఉలిక్కిపడి లేవబోయి, బల్ల అంచుకు తల కొట్టుకుని, అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఫోన్‌ను దాచాలని కూడా అనుకోలేదు. చేతిని మాత్రం ఒళ్లో దాచుకున్నాడు.

"అత్తయ్యను నిన్న అందరం దొంగంటుంటే మీరు వింటూ నిలబడ్డారు" అందామె. "ఎందుకు చేశారు?"

మామయ్య ఒళ్లోంచి చెయ్యి బయటికి తీసి, ఆమెకు కనపడేలా, బల్ల మీద పెట్టాడు. అది అక్కడ కూడా ఆగలేదు. కింద ఉన్న స్కేలు టకటకమని చిన్నగా మోగింది.

"చూశావుగా. ఇంక దాచేదేముంది. నేనే చేశాను తల్లీ. ఈ నాలుగు రోజులూ నేనే. చలికాలం నుంచీ చెయ్యి ఇలాగే ఉంది. కత్తెర పడితే గీత ఒకచోట, కోత ఇంకోచోట. ఒక పెద్దమనిషి కోటు పాడుచేసి, ఎలక కొట్టిందని చెప్పి కొత్త బట్ట తెచ్చిచ్చాను. మీ అత్తకు కూడా చెప్పలేదు. చెబితే వీధంతటికీ తెలుస్తుంది, మాస్టారి చెయ్యి పోయిందని. నువ్వు కత్తిరిస్తున్నన్నాళ్లు ఎవరికీ తెలీదు. నేను గీస్తాను, నువ్వు కోస్తావు, పేరు నాది. ఇంతలో నువ్వు వెళ్తానన్నావు. వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నేర్పిందే నేనాయె. మీ అత్త ఫోన్ దానంతటదే నడుస్తుంటే చూశాను, డేటా అలాగే పోతుందని నీ మొగుడు తిడుతుంటే విన్నాను. అంతే, బుద్ధి వక్రించింది. బటన్ల ఫోన్‌వాణ్ణి నన్నెవరు అనుమానిస్తారనుకున్నాను. ఆ ఓటీపీ ఫోన్ గుండీల డబ్బాలో పడేసిందీ నేనే. నిన్న నువ్వు అన్నీ ఆపేస్తావని సాయంత్రమే ఊహించి, 'మీ అమ్మకి బొమ్మ మసగ్గా ఉందిరా' అని అబద్ధమాడి ఆ బఫరింగ్‌గాడి దగ్గర నేర్చుకున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నానని నీ దగ్గర దాచాడు, వాడి తప్పేం లేదు. మీ అత్తని అంటుంటే నోరు పెగల్లేదు, అదొక్కటి మాత్రం నా జన్మలో మర్చిపోను. ఇప్పుడు లేపి దానికి నేనే చెబుతాను, నువ్వు చెప్పకు. ఇంకా మిగిలిందా డేటా? సరిపోతుందా? అయితే కూర్చో, బల్ల ఖాళీ చేస్తాను, మంచి తాను తీసి పెడతాను. ఆవిడకి కనపడేలా కత్తిరించు, మన షాపు కోత ఎలా ఉంటుందో చూడనీ. ఒక్క మాట నమ్ము తల్లీ. ఇన్ని వీడియోలు తగలేశాను గానీ ఒక్కటి కూడా చూడలేదు, ఒట్టు."